జాలి చాలని చోట: ఆర్మేనియన్ల నిర్మూలనపై మూడు అమెరికన్ పుస్తకాలు

ఆర్మేనియన్ల నిర్మూలన సంగతి బయటి ప్రపంచానికి చాలా ఆలస్యంగా తెలిసిందన్న అభిప్రాయం ఒకటి వాడుకలో ఉంది. అమెరికా వరకు చూస్తే ఆ మాట నిలవదు. 1915 ఏప్రిల్ 24న ఒట్టోమన్ ప్రభుత్వం కాన్‌స్టాంటినోపుల్‌లో సుమారు 250 మంది ఆర్మేనియన్ రచయితలను, ఉపాధ్యాయులను, మతాచార్యులను, రాజకీయ నాయకులను నిర్బంధించింది. మే నెలాఖరుకు తరలింపు చట్టం వచ్చింది. ఆ వేసవిలో అనటోలియాలోని ఆర్మేనియన్ ఊళ్ళు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. మగవారిని చాలాచోట్ల ఊరి పొలిమేర దాటగానే చంపివేశారు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను సిరియా ఎడారి వైపు నడిపించారు. ఆ ఒక్క సంవత్సరంలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ విషయం మీద 145 వార్తలు ప్రచురించింది. హార్పుట్, అలెప్పో నగరాలలోని అమెరికన్ కాన్సుళ్ళు తమ కళ్ళముందు జరుగుతున్నదాన్ని రాసి పంపారు. జులై 16న రాయబారి హెన్రీ మోర్గెంథౌ వాషింగ్టన్‌కు ఇచ్చిన టెలిగ్రాంలో, తిరుగుబాటుకు ప్రతిచర్య అన్న నెపంతో ఒక జాతినే తుడిచిపెట్టే పని సాగుతోందని స్పష్టంగా చెప్పాడు.

జాలికి కూడా కొరత లేదు. తరువాత నియర్ ఈస్ట్ రిలీఫ్‌గా పేరు మార్చుకున్న సహాయ సంఘం 1915లోనే ఏర్పడింది. 1930 నాటికి అది 11 కోట్ల 60 లక్షల డాలర్లు పోగుచేసి, 1,32,000 మంది అనాథ బాలలను పోషించింది. పళ్ళెంలో తిండి వదిలే పిల్లలకు ఆకలితో మాడుతున్న ఆర్మేనియన్లను గుర్తుచేయడం ఆ కాలపు అమెరికన్ తల్లులకు అలవాటయింది. అయినా జరిగినదాన్ని జెనోసైడ్ అని అమెరికా కాంగ్రెస్ ఉభయ సభలూ గుర్తించింది 2019లో. అధ్యక్షుడు ఏప్రిల్ 24 ప్రకటనలో ఆ మాట వాడింది 2021లో. అంటే, టెలిగ్రాంకూ ఆ ప్రకటనకూ నడుమ 106 సంవత్సరాలు గడిచాయి.

తెలిసి, జాలిపడి, కోట్ల డాలర్లు ఖర్చుచేసిన దేశానికి ఒక మాట అనడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? దీనికి రాజకీయ కారణాలు చెప్పడం సులువు, అవి నిజం కూడా. అయితే సమాధానంలో ఒక భాగం ఆ దారుణం అమెరికాలో పుస్తకరూపం పొందిన తీరులోనే ఉంది. అమెరికాలో వెలువడిన మూడు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే ఇది తెలుస్తుంది: 1918లో వచ్చిన మోర్గెంథౌ జ్ఞాపకాలు, అదే ఏడాది వచ్చిన ఒక పదిహేడేళ్ళ అమ్మాయి ఆత్మకథ, 1944లో వచ్చిన ఒక న్యాయశాస్త్ర గ్రంథం. బాధితుడు తనలాంటివాడేనా అని జాలి మొదట చూసుకుంటుంది. ఎవరు, ఏ చట్టంతో, ఏ కాగితంతో ఈ పని చేశారు, పోయినవారి ఆస్తి ఎవరి చేతికి చేరింది అన్నవి గుర్తింపు అడిగే ప్రశ్నలు. ఈ రెండింటి మధ్య దూరమే ఆ నూరేళ్ళ కథ.

రాయబారి కథనం

జర్మనీలో పుట్టి, బాల్యంలోనే న్యూయార్క్ చేరిన యూదు మోర్గెంథౌ. స్థిరాస్తి వ్యాపారంలో సంపన్నుడైన న్యాయవాది. 1913 చివరి నుంచి 1916 ఆరంభం వరకు కాన్‌స్టాంటినోపుల్‌లో అమెరికా రాయబారి. సహాయ సంఘం ఏర్పడడానికి ఆయన టెలిగ్రాములే ముఖ్య ప్రేరణ. 1918లో వచ్చిన 'అంబాసడర్ మోర్గెంథౌస్ స్టోరీ'కి అక్షరరూపం ఇచ్చినవాడు బర్టన్ హెండ్రిక్ అనే పాత్రికేయుడు. పుస్తకం ఉద్దేశం దాపరికం లేనిది. ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రజల మద్దతు కూడగట్టడానికి ఇలాంటి రచన అవసరమని 1917లో మోర్గెంథౌ అధ్యక్షుడు విల్సన్‌కే రాశాడు.

ఆ ఉద్దేశం పుస్తకాన్ని రెండు విధాల దెబ్బతీసింది. హోంమంత్రి తలాత్ పాషాతో, యుద్ధమంత్రి ఎన్వర్ పాషాతో జరిగిన సంభాషణలు రంగస్థలం కోసం రాసినట్టు సాగుతాయి. ఎవరెప్పుడు ఏ స్వరంలో ఏమన్నదీ మాటమాటగా ఉంటుంది. అంతకన్న పెద్ద లోపం, జరిగిన నేరాన్ని తురుష్కుల స్వభావంతో వివరించబూనడం. ఒక జాతికి క్రౌర్యం సహజగుణం అన్నాక ఇక నేరస్థుడంటూ ఎవడూ మిగలడు. అలెప్పోలోనూ తరువాత కొన్యాలోనూ గవర్నరుగా ఉంటూ తరలింపు ఆదేశాలను ఎదిరించి పదవి పోగొట్టుకున్న జెలాల్ బే లాంటి ఒట్టోమన్ అధికారులు అటువంటి వివరణలో ఇమడరు. పైగా, మనుషులను పుట్టుకతో తూచే ఆ పద్ధతి ఆర్మేనియన్లను అంతర్గత శత్రువులుగా ముద్రవేసినవారి పద్ధతికి మరీ దూరమైనదేమీ కాదు.

ఈ బలహీనతలకు మూల్యం తరువాతి తరం చెల్లించింది. 1990లో హీత్ లౌరీ అనే చరిత్రకారుడు ఈ పుస్తకాన్ని మోర్గెంథౌ దినచర్యతోనూ ఉత్తరాలతోనూ పోల్చి, సంభాషణలలో అతిశయోక్తులు, చేర్పులు ఉన్నాయని చూపుతూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. పాఠ పరిశీలనగా అందులో పస ఉంది. దాని ఆధారంగా జరిగిన హత్యాకాండనే అనుమానించడం మాత్రం తర్కానికి నిలవదు. రాయబారి పుస్తకం మొత్తాన్ని పక్కన పెట్టినా ఆయన టెలిగ్రాములు ఉన్నాయి. హార్పుట్ కాన్సుల్ లెస్లీ డేవిస్ గుర్రం మీద గోల్జుక్ సరస్సు చుట్టూ తిరిగి, అక్కడి లోయలలో వేలాది శవాలను చూసి రాసిన నివేదిక ఉంది. ఒట్టోమన్ సామ్రాజ్యానికి మిత్రదేశాలైన జర్మనీ, ఆస్ట్రియాల దౌత్యపత్రాలు ఉన్నాయి. 1919లో కాన్‌స్టాంటినోపుల్‌లోనే జరిగిన సైనిక విచారణ తలాత్, ఎన్వర్‌లకు వారి పరోక్షంలో విధించిన మరణశిక్ష ఉంది.

ఇన్ని లోపాలున్న పుస్తకంలో ఈనాటికీ వెన్ను జలదరింపజేసే ఘట్టం ఒకటుంది. అందులో రక్తపాతం లేదు. అమెరికన్ బీమా కంపెనీలలో పాలసీలు తీసుకున్న ఆర్మేనియన్ల జాబితా తెప్పించి ఇవ్వమని తలాత్ రాయబారిని అడుగుతాడు. ఆ పాలసీదారులు దాదాపు అందరూ చనిపోయారు, వారసులూ మిగలలేదు, కాబట్టి ఆ సొమ్ము ప్రభుత్వానికి చెందుతుందని అతని వాదన. మోర్గెంథౌ కోపంతో నిరాకరించి లేచిపోతాడు. శవాల వర్ణనలు చేయలేని పనిని ఈ కోరిక చేస్తుంది. అందులో ఆవేశం లేదు, ద్వేషం కూడా కనిపించదు. చంపడం ముగిసిన తరువాతి లెక్కల పని మాత్రమే ఉంది.

ఆ ఘట్టానికి ఒక అనుబంధం ఉంది. ఆ పాలసీలు అమ్మిన సంస్థలలో ఒకటైన న్యూయార్క్ లైఫ్ మీద పాలసీదారుల వారసులు కాలిఫోర్నియాలో దావా వేశారు. 2004లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. వారసులు లేరన్న మాటకు వారసులే జవాబు చెప్పడానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

అమ్మాయి కథ, అందరి చేతులు

రెండవ పుస్తకం 'రావిష్డ్ ఆర్మేనియా'. కథ చెప్పిన అమ్మాయి అసలు పేరు అర్షలూయ్స్ మార్దిగియన్. అర్షలూయ్స్ అంటే ఆర్మేనియన్ భాషలో అరుణోదయం. 1901లో చ్మ్‌ష్కత్సాగ్ అనే పట్టణంలో, కలిగిన కుటుంబంలో పుట్టింది. 1915లో కుటుంబాన్ని పోగొట్టుకుని, తరలింపు బారుల్లో నడిచి, అమ్ముడుపోయి, తప్పించుకుని, రష్యా మీదుగా 1917 చివరలో న్యూయార్క్ చేరింది. అప్పటికామె వయసు పదహారు. చేతిలో ఉన్నది ఒకటే ఆశ, ముందే అమెరికా వచ్చిన అన్నను వెతుక్కోవడం. అన్న కోసం పత్రికలలో వేసిన ప్రకటనలు హెన్రీ గేట్స్ అనే రచయిత కంటపడ్డాయి. గేట్స్ దంపతులు ఆమెకు సంరక్షకులయ్యారు. పేరు అరోరా మార్దిగానియన్‌గా మారింది. ఆమె ఆర్మేనియన్‌లో చెప్పింది దుభాషి నోట ఇంగ్లీషై, గేట్స్ కలంలో పుస్తకమయింది.

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. విలియం సెలిగ్ నిర్మించగా ఆస్కార్ యాప్ఫెల్ దర్శకత్వం వహించిన ఆ చిత్రం 'ఆక్షన్ ఆఫ్ సోల్స్' పేరుతో ప్రసిద్ధమైంది. తన పాత్రను అరోరాయే పోషించింది. వారానికి 15 డాలర్లు ఇచ్చారు. చిత్రీకరణలో చీలమండ విరిగితే ఆ కాలితోనే తక్కిన దృశ్యాలు పూర్తిచేయించారు. సహాయనిధి కోసం వేసిన తొలి ప్రదర్శనలకు టికెట్టు 10 డాలర్లు. ప్రతి ఊరిలోనూ సినిమాతో పాటు అరోరాను కూడా వేదిక మీద చూపించేవారు. ఆమె ఆరోగ్యం చెడి ఇక తిరగలేని స్థితి వచ్చాక, ఆమెను పోలిన ఏడుగురు అమ్మాయిలను నియమించి ప్రదర్శనలు కొనసాగించారు. తనకు రావలసిన డబ్బు కోసం చివరకు అరోరా కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది.

ఈ సినిమా వల్ల అనాథల కోసం డబ్బు పోగయిందన్నది కాదనలేని సంగతి. ఆ డబ్బుతో పిల్లలు బతికారు. ప్రదర్శనకు పెట్టిన సాక్ష్యం ఏమవుతుందన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు చిత్రంలోని అతి ప్రసిద్ధ దృశ్యంలోనే ఉంది. నగ్నంగా ఉన్న యువతులను వరసగా శిలువలకు కొట్టి ఉంచినట్టు, వారి జుట్టు ఒళ్ళంతా కప్పినట్టు అందులో చూపారు. అరోరా వృద్ధాప్యంలో సినిమా చరిత్రకారుడు ఆంథొనీ స్లైడ్‌తో ఈ దృశ్యం నిజం కాదని చెప్పింది. జరిగింది శిలువ వేయడం కాదు, కొరత వేయడం. కొసలు చెక్కిన కర్రల మీద, చెరచిన తరువాత స్త్రీలను కూర్చోబెట్టి చంపారు. అమెరికన్లకు అలాంటిది చూపించలేమని శిలువలు పెట్టారని ఆమె వివరణ.

ఈ మార్పును మర్యాద కోసం చేసిన సర్దుబాటుగా తీసిపారేయడానికి లేదు. అసలు జరిగినదానికి ప్రేక్షకుడి అనుభవంలో స్థానం లేదు. అది స్త్రీ దేహం మీద జరిగిన దాడి, ఒక జాతికి రేపటి పుట్టుకలు లేకుండా చేసే పని. శిలువకు మాత్రం ప్రతి ప్రేక్షకుడి ఊరి చర్చిలోనూ స్థానం ఉంది. శిలువ మీది మనిషిని చూసి ఎలా దుఃఖించాలో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కాబట్టి దుఃఖించాడు, 10 డాలర్లు ఇచ్చాడు, ఇంటికి వెళ్ళాడు. పరాయి దుఃఖం తన దుఃఖంలా కనిపించేటట్టు అనువదించబడ్డాక అందులోని పరాయితనంతో పాటు నిజం కూడా జారిపోయింది.

అరోరా 1994లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయింది. దేహాన్ని తీసుకువెళ్ళడానికి ఎవరూ రాకపోవడంతో దహనం చేసి, ఆ అస్థికలను అలాంటి ఇతరుల అస్థికలతో కలిపి పాతిపెట్టారు. సినిమాలో మిగిలింది ఇరవై నిమిషాల లోపు ముక్కలు. 2022లో ఆర్మేనియన్ దర్శకురాలు ఇన్నా సహాక్యాన్ ఆ ముక్కలను, వృద్ధురాలైన అరోరా మాట్లాడిన వీడియోను, యానిమేషన్‌ను కలిపి 'అరోరాస్ సన్‌రైజ్' తీసింది. దుభాషి లేకుండా ఆమె గొంతు ప్రేక్షకులకు వినిపించడానికి ఒక శతాబ్దం గడిచింది.

పోలిక పెట్టిన షరతు

జాలి పోలికను వెతుకుతుందన్నది సినిమాకే పరిమితమైన సంగతి అనుకుంటే, అదే దశకపు కోర్టు తీర్పులు చూడవచ్చు. అమెరికాలోని తెలుగువారికి ఇవి దూరపు సంగతులు కావు.

అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం లభించేది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారని తేల్చింది. శాస్త్రం ఏమి చెప్పినా సామాన్యుడి దృష్టిలో తెల్లవాడంటే ఎవరన్నదే ప్రమాణమంది. అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు భారతీయుల నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. రెండేళ్ళకు అదే ప్రశ్న ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో తివాచీల వ్యాపారి అయిన తాతోస్ కార్తోజియన్ అనే ఆర్మేనియన్ విషయంలో వచ్చింది. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ సాక్ష్యమిచ్చాడు. ఆర్మేనియన్లు క్రైస్తవులనీ, ఐరోపావారితో సులభంగా కలిసిపోతారనీ వాదనలు సాగాయి. 1925లో ఫెడరల్ కోర్టు ఆర్మేనియన్లు తెల్లవారేనని తీర్పునిచ్చింది.

ఆ తీర్పు ఆర్మేనియన్లకు న్యాయం చేసింది. ఆ న్యాయానికి ఆధారం మాత్రం వారు పడ్డ కష్టం కాదు, మనుషులుగా వారికున్న హక్కూ కాదు. తీర్పరుల సమాజంతో వారికున్న పోలిక. అదే కొలతతో భారతీయులు 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా గడప బయట నిలబడ్డారు. పోలిక నెగ్గిన ఆర్మేనియన్లకు కూడా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. 1924 వలస చట్టం టర్కీకి కేటాయించిన వార్షిక సంఖ్య 100. అనాథల కోసం చందాలు వసూలైన దేశమే ఆ అనాథలు గడప తొక్కకుండా లెక్కలు బిగించింది. దూరాన ఉన్నంతవరకు బాధితుడి పట్ల దయ కురిసింది. అతడే పక్కింటివాడవుతానంటే షరతులు మొదలయ్యాయి.

పేరు పెట్టినవాడు

మూడవ పుస్తకం స్వరం పూర్తిగా వేరు. 1944లో వాషింగ్టన్‌లోని కార్నెగీ ఎండోమెంట్ ప్రచురించిన 'ఆక్సిస్ రూల్ ఇన్ ఆక్యుపైడ్ యూరప్' ఆరువందల పైచిలుకు పుటల న్యాయగ్రంథం. అందులో అధిక భాగం నాజీ జర్మనీ, దాని మిత్రులు ఆక్రమిత దేశాలలో జారీచేసిన ఉత్తర్వుల అనువాదాలే. రచయిత రఫాయెల్ లెమ్కిన్ పోలండ్ యూదు న్యాయవాది. 1941లో అమెరికా చేరి డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆశ్రయం పొందాడు. జెనోసైడ్ అన్న మాట ఈ పుస్తకం తొమ్మిదవ అధ్యాయంలో పుట్టింది.

ఆ మాట వెనుక ప్రశ్న మాత్రం ఆర్మేనియన్లది. 1921 మార్చిలో బెర్లిన్ వీధిలో సొఘొమోన్ తెహ్లిరియన్ అనే ఆర్మేనియన్ యువకుడు తలాత్‌ను కాల్చిచంపాడు. జర్మన్ కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. ఒక మనిషిని చంపినవాడిని విచారించే చట్టం ఉండగా, లక్షలమందిని చంపించినవాడిని విచారించే చట్టం ఎందుకు లేదని లెమ్కిన్ తన ఆచార్యుణ్ణి అడిగాడు. రైతు తన కోళ్ళను తాను చంపుకుంటే అడగడానికి ఎవరికీ హక్కు లేదు, రాజ్యాల సంగతీ అంతేనని జవాబు వచ్చింది. ఆ జవాబుతో రాజీపడలేకపోవడమే లెమ్కిన్ జీవితం. 1949లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఈ విషయంపై తన ఆసక్తికి మూలం ఆర్మేనియన్ల ఉదంతమేనని ఆయన చెప్పాడు.

లెమ్కిన్ పుస్తకంలో కన్నీరు లేదు. అయినా అరోరా సినిమా చూపలేకపోయినదాన్ని ఉత్తర్వుల కట్ట చూపించింది. ఒక సమూహాన్ని నిర్మూలించడం అంటే చంపడం ఒక్కటే కాదనీ, భాష, బడి, గుడి, ఆస్తి, జీవనోపాధి, సంతానం అన్నింటి మీదా ఒకేసారి సాగే పథకమనీ ఆయన వాదం. ఏప్రిల్ 24 నిర్బంధాలు రచయితలతో ఎందుకు మొదలయ్యాయో ఈ దృష్టితో అర్థమవుతుంది. కవులు దానియేల్ వరుజాన్, సియమంతో ఆ నిర్బంధాల నుంచి తిరిగి రాలేదు. ఒక జాతి తనను తాను చెప్పుకోగల నోళ్ళను ముందుగా మూసివేశారు. ఆ భాషకు తెలుగువారికి తెలిసిన నగరంతోనే ఒక బంధం ఉంది. ఆర్మేనియన్ భాషలో వచ్చిన తొలి పత్రిక 'అజ్దరార్' 1794లో మద్రాసులో అచ్చయింది.

ఇక్కడ తెలుగు మాటల సంగతి కూడా చూడాలి. తెలుగు పత్రికలు ఇలాంటి ఘటనలకు నరమేధం, మారణహోమం, ఊచకోత అన్న మాటలు వాడుతుంటాయి. మొదటి రెండూ యజ్ఞపు పరిభాష నుంచి వచ్చినవి. చంపడానికి ఒక క్రతువు ఛాయను, చనిపోవడానికి ఒక ఆహుతి ఛాయను అవి తెలియకుండానే తెచ్చిపెడతాయి. మూడవది పొలంలో కోతను స్ఫురింపజేస్తుంది. మూడూ ఒక రోజు జరిగిన దారుణాన్ని బలంగా చెబుతాయి. ఏళ్ళ తరబడి దస్త్రాలతో సాగే పనిని చెప్పలేవు. ఆ మేరకు జాతి నిర్మూలన మేలైన మాట, వేళ్ళతో సహా పెకలించడమన్న భావం అందులో ఉంది. కాని జాతి అన్న మాట కూడా నిర్దోషి కాదు. 1871 నాటి బ్రిటిష్ చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థ జాతులుగా నమోదుచేసింది. 1911 తరువాత ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలోనూ అమలై, ఎరుకలవారిని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరుపట్టీ కింద నిర్బంధించింది. అది జెనోసైడ్ కాదు, ఆ రెండింటినీ ఒకటిగా చూడడం రెండింటికీ అన్యాయం. మనిషిని అతని చేతలతో కాక పుట్టుకతో జాబితాలోకి ఎక్కించే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ అలవాటు ఎంత దూరం వెళ్ళగలదో తలాత్ అడిగిన జాబితా చెబుతుంది.

పేరు వాయిదా పడిన విధం

1948 డిసెంబరు 9న ఐక్యరాజ్య సమితి జెనోసైడ్ ఒప్పందాన్ని ఆమోదించింది. లెమ్కిన్ ముఖ్యమనుకున్న సాంస్కృతిక నిర్మూలన అన్న భాగం బేరసారాలలో ఎగిరిపోయింది. భారతదేశం దాన్ని 1959లోనే ధ్రువీకరించింది. అమెరికా సెనేట్ ధ్రువీకరించింది 1986లో. ఈలోగా సెనేటర్ విలియం ప్రాక్స్‌మయర్ 1967 నుంచి సభ జరిగిన ప్రతిరోజూ ఒక ప్రసంగం చొప్పున 3,211 ప్రసంగాలు చేశాడు.

ఆర్మేనియన్ల విషయంలో వాయిదా కారణాలు ఇంకా స్పష్టం. ఫ్రాంజ్ వెర్ఫెల్ నవల 'ముసా దాగ్ నలభై రోజులు'ను 1930లలో ఎంజీఎం సినిమాగా తీయబోతే, టర్కీ రాయబారి విదేశాంగ శాఖ ద్వారా ఒత్తిడి తెచ్చి ఆపించాడు. 1919లో అభ్యంతరం లేనిది పదిహేనేళ్ళకు అభ్యంతరమయింది. 1952లో టర్కీ నాటోలో చేరింది. 2000లో ప్రతినిధుల సభ ముందుకు వచ్చిన తీర్మానాన్ని అధ్యక్షుడు క్లింటన్ అభ్యర్థనపై వెనక్కి తీసుకున్నారు. ఆర్మేనియాలో అమెరికా రాయబారి జాన్ ఎవాన్స్ 2005లో ఒక సభలో ఆ మాట వాడి, మరుసటి ఏడాది పదవి వదలవలసి వచ్చింది. అధ్యక్షుడు ఒబామా మెద్స్ యెఘెర్న్ అన్న ఆర్మేనియన్ మాటను వాడాడు. దాని అర్థం మహా నేరం. బాధితుల భాష మీది గౌరవంగా కనిపించే ఈ ఎంపిక, చట్టపరమైన మాటను తప్పించుకునే దారి కూడా అయింది. చివరకు 2019 అక్టోబరు 29న ప్రతినిధుల సభ 405–11 ఓట్లతో తీర్మానం ఆమోదించింది. అప్పటికి మూడు వారాల కిందటే టర్కీ సైన్యం ఉత్తర సిరియాలోకి ప్రవేశించి అమెరికాకు కోపం తెప్పించింది. నూరేళ్ళనాటి సత్యానికి ఓట్లు రావడానికి ఆ వారంనాటి కోపం తోడయింది.

అదే ఏడాది జూన్‌లో మరొక సంఘటన జరిగింది. కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆ రాష్ట్రపు ఆదివాసులకు క్షమాపణ చెబుతూ, వారికి జరిగింది జెనోసైడ్ అన్నాడు. చరిత్రకారుడు బెంజమిన్ మాడ్లీ 2016లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, 1846కూ 1870ల ఆరంభానికీ నడుమ కాలిఫోర్నియా ఆదివాసుల సంఖ్య సుమారు లక్షా యాభైవేల నుంచి ముప్పైవేలకు పడిపోయింది. వ్యాధులు, ఆకలి ఒక కారణం. రాష్ట్ర ఖజానా నుంచి ఖర్చులు పొందిన సాయుధ దళాలు మరొక కారణం. ఆదివాసీ జాతి అంతరించేదాకా నిర్మూలన యుద్ధం సాగుతుందని 1851లో తొలి గవర్నర్ పీటర్ బర్నెట్ శాసనసభకే చెప్పాడు. 1850 నాటి చట్టం ఆదివాసీ పిల్లలను తెల్లవారి ఇళ్ళలో కట్టుబానిసలుగా ఉంచుకోవడానికి వీలు కల్పించింది. ఒక సమూహపు పిల్లలను బలవంతంగా మరొక సమూహానికి తరలించడం 1948 ఒప్పందంలో జెనోసైడ్ కింద పేర్కొన్న ఐదు చర్యలలో ఒకటి. అరోరా సినిమా తయారైంది ఈ రాష్ట్రంలోనే. దూరపు ఎడారిలో చనిపోయిన పిల్లల కోసం ఏడ్చిన నగరాలు తాము నిలిచిన నేల కథను అప్పుడు చదవలేదు.

పేరు పెట్టినవాడికి కూడా ఈ పరిమితి తప్పలేదు. 1951లో పాల్ రాబ్సన్, విలియం పాటర్సన్ నల్లజాతివారిపై సాగిన హింసను జెనోసైడ్‌గా పేర్కొంటూ ఐక్యరాజ్య సమితికి వినతిపత్రం ఇచ్చారు. లెమ్కిన్ దాన్ని వ్యతిరేకించాడు. వివక్ష, నిర్మూలన ఒకటి కావన్నది ఆయన వాదన. ఒప్పందానికి సెనేట్ ఆమోదం దక్కకుండా పోతుందన్న భయమూ అందులో ఉందని చదువరి గ్రహించవచ్చు. వినతిపత్రం వాదాన్ని ఒప్పుకోవడమా మానడమా అన్నది చర్చించదగినదే. ఆశ్రయమిచ్చిన దేశం వైపు ఆ మాటను తిప్పడం దాన్ని సృష్టించినవాడికే కష్టమయిందన్నది మాత్రం వాస్తవం.

మూడు పుస్తకాలనూ కలిపి చదివినప్పుడు తేలేది ఇది. మోర్గెంథౌ పుస్తకంలో నిలిచినది అతని కోపం కాదు, తలాత్ అడిగిన జాబితా. అరోరా పుస్తకంలో నిలిచినది శిలువలు కాదు, వృద్ధాప్యంలో ఆమె చేసిన దిద్దుబాటు. లెమ్కిన్ పుస్తకంలో నిలిచినవి ఉత్తర్వులు. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా ఒక అల్పసంఖ్యాక సమూహం గురించి వార్త వచ్చినప్పుడు పాఠకుడు అడగవలసిన ప్రశ్నలు వీటి నుంచే వస్తాయి. జాబితా ఎవరు తయారుచేస్తున్నారు? ఏ చట్టం వచ్చింది? ఖాళీ అయిన ఇల్లు ఎవరి పేరున నమోదయింది? పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు? బాధితులు తనను పోలి ఉన్నారా అన్నది ఆ ప్రశ్నలలో లేదు.

లాస్ ఏంజెలెస్ సమీపంలోని మాంటెబెల్లోలో 1968లో ఆర్మేనియన్లు కట్టుకున్న స్మారకం ఉంది. గ్లెండేల్, ఫ్రెస్నో ప్రాంతాలలో వారి మనవళ్ళు, మునిమనవళ్ళు తెలుగు కుటుంబాలకు ఇరుగుపొరుగువారు, సహోద్యోగులు. ఏటా ఏప్రిల్ 24న వారు కోరేది పాత సినిమా ప్రేక్షకుడి దగ్గర కావలసినంత దొరికింది, అది కన్నీరు, అనుకుంటే పొరపాటు. జరిగింది జరిగినట్టుగా, పేరు పెట్టి, ఇతరులు కూడా చెప్పాలని వారు కోరుతున్నారు.